స్టూడెంట్‌వి కాబట్టి గంటకి 13 డాలర్లే అంటున్నారు, ఒంటారియోలో ఇది నిజమేనా?

అడిగింది: మంచులో_గోదారోడు

అందరికీ నమస్కారం. నేను కెనడాలో, ఒంటారియో ప్రావిన్స్‌లోని బ్రాంప్టన్‌లో ఉంటాను, కాలేజీలో రెండో సెమిస్టర్. నాకు 23 ఏళ్లు. పోయిన నవంబర్ మొదట్లో మిస్సిసాగాలో ఒక తెలుగువాళ్ల రెస్టారెంట్‌లో చేరాను. పేరు చెప్పను, ఇక్కడ అది కాదు విషయం.

మొదటి రెండు వారాలు ట్రైనింగ్ అన్నారు. అయిదు షిఫ్టులు, ఒక్కోటి ఆరు గంటలు. ట్రైనింగ్ అంటే ఏదో నేర్పిస్తారనుకున్నాను. టేబుళ్లు తుడవడం, గ్లాసులు కడగడం, పార్సెల్ డబ్బాల మీద మూతలు నొక్కడం. దానికి పైసా ఇవ్వలేదు. "ట్రైనింగ్‌కి మేమే నీ దగ్గర తీసుకోవాలి" అని నవ్వారు, నేనూ నవ్వాను.

తర్వాత ఎనిమిది వారాలు, వారానికి 22 గంటల చొప్పున చేశాను. గంటకి 13 డాలర్లు, క్యాష్, కవర్లో పెట్టి ఇచ్చేవారు. పే స్లిప్ లేదు. మా రూమ్మేట్ కనీస వేతనం 17.60 అన్నాడని ఓనర్ గారిని అడిగితే, "అది పర్మనెంట్ వాళ్లకి. స్టూడెంట్ రేటు వేరే ఉంది, గవర్నమెంటే పెట్టింది, గూగుల్ చేసుకో" అన్నారు. చేశాను. నిజంగానే స్టూడెంట్ రేటు అని ఒకటి కనపడింది. దాంతో నోరు మూసుకున్నాను.

ఇంకో రెండు విషయాలు కూడా చెప్పాలి. డిసెంబర్‌లో ఒకరోజు బయట మైనస్ 15. రెండు బస్సులు మారి గంటా పది నిమిషాలు ప్రయాణం చేసి సాయంత్రం అయిదుకి వెళ్లాను. ఆరింటికల్లా ఓనర్ గారు ట్యాబ్‌లో బుకింగులు చూసి, "ఇవాళ డల్‌గా ఉందిరా, నువ్వు వెళ్లిపో" అన్నారు. చేతిలో మిగిలిన పులావ్ డబ్బా పెట్టారు. ఆ వారం కవర్లో ఆ రోజుకి ఒక్క గంట డబ్బులే ఉన్నాయి. ఇలా మొత్తం నాలుగు రోజులు జరిగింది. బస్టాప్‌లో గ్లవ్స్ తీసి తినలేక ఆ డబ్బాని జాకెట్ లోపల పెట్టుకుని చలి కాచుకున్నాను, అది వేరే సంగతి.

రెండోది, ఒక శనివారం నలుగురున్న టేబుల్ వాళ్లు బిల్లు కట్టకుండా వెళ్లిపోయారు. 74 డాలర్లు. "నీ సెక్షన్ కదా" అని నా జీతంలో కోశారు. ఇంకా కార్డు మీద వచ్చే టిప్పులు "హౌస్‌కి", అంటే రెస్టారెంట్‌కే అంటారు.

జనవరిలో మానేశాను. మిగతా డబ్బు అడిగితే, "క్యాష్ తీసుకుని పనిచేశావ్, గొడవ చేస్తే నీ వీసాకే దెబ్బ" అన్నారు. ఇంట్లో చెప్పలేదు. అమ్మకి తెలిస్తే నిద్రపోదు. ఇందులో నాకు రావాల్సింది ఏమైనా ఉందా, లేక వదిలేసి చదువుకోమంటారా?

---

పాత_కాపు

తమ్ముడూ, వదిలెయ్. నేను వచ్చిన కొత్తలో గ్యాస్ స్టేషన్‌లో ఇంతకన్నా ఘోరంగా చేశాను. అందరం ఇలాగే మొదలుపెట్టాం. వాళ్లూ మనవాళ్లే, రేపు ఉగాది ఫంక్షన్‌లో ఎదురు పడతారు. ఒక్కసారి కంప్లైంట్ పెట్టాడని పేరు పడితే ఇంకెవరూ పనివ్వరు. వేరే చోట చూసుకో, చదువు మీద దృష్టి పెట్టు.

---

ఎటోబికో_అక్క

పాత కాపు గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, మీరు గ్యాస్ స్టేషన్‌లో వదిలేసిన డబ్బే ఇవాళ ఈ అబ్బాయి దగ్గర కోస్తున్నారు. మనవాళ్లే కాబట్టి ఊరుకోవాలంటారు. మనవాళ్లు కాబట్టి గంటకి 17.60 ఇద్దామని వాళ్లకెందుకు తోచదు?

తమ్ముడూ, ఇప్పుడు నువ్వు విను. కొంచెం పొడుగ్గా రాస్తాను.

ముందు ఆ "స్టూడెంట్ రేటు" సంగతి. అది ఉంది, అబద్ధం కాదు. కానీ అది 18 ఏళ్లు నిండని పిల్లలకి. బడి నడిచే రోజుల్లో వారానికి 28 గంటలు మించకుండా పనిచేసేవాళ్లకీ, సెలవుల్లో చేసేవాళ్లకీ. నీకు 23. నువ్వు పీహెచ్‌డీ చదివినా ఆ రేటు నీది కాదు. ఇంకో తమాషా చూడు. 2025 అక్టోబర్ 1 నుంచి మామూలు కనీస వేతనం 17.60, ఆ స్టూడెంట్ రేటు 16.60. అంటే పదిహేడేళ్ల పిల్లాడికి కూడా 13 ఇవ్వడం చట్టవిరుద్ధమే! నిన్ను గూగుల్ చేసుకోమన్న మనిషి తను చివరిదాకా చదవలేదు. చదివే అన్నాడేమో కూడా.

ఈ ప్రావిన్స్‌లో పనివాళ్ల కనీస హక్కులన్నీ ఎంప్లాయ్‌మెంట్ స్టాండర్డ్స్ యాక్ట్, 2000 అనే చట్టంలో ఉన్నాయి. ఈఎస్ఏ అంటారు. పార్ట్ టైమ్ అయినా, క్యాష్ అయినా, స్టడీ పర్మిట్ మీద ఉన్నా వర్తిస్తుంది. కాగితం మీద రాసుకోకపోయినా వర్తిస్తుంది. ఇంకా గట్టి మాట ఏంటంటే, "నాకు ఈ హక్కు వద్దు" అని నువ్వే ఒప్పుకుని సంతకం పెట్టినా ఆ ఒప్పందం చెల్లదు. కాబట్టి "నువ్వే 13కి ఒప్పుకున్నావ్ కదా" అంటే దానికి విలువ లేదు.

ట్రైనింగ్ కూడా పనే. ఈ విషయంలో ముందు నుంచే చట్టం ఉంది, కానీ "ట్రయల్ షిఫ్ట్" అని తప్పించుకునేవాళ్లు ఎక్కువైపోయారని 2024లో చట్టంలో ఇంకా విడమరిచి రాశారు. గ్లాసు కడిగిన ప్రతి నిమిషానికీ జీతం ఇవ్వాలి.

ఆ 74 డాలర్లు కూడా అంతే. కస్టమర్ తినేసి పారిపోతే దాన్ని పనివాడి జీతంలో కోయడం కుదరదు. అదే 2024 సవరణలో తిండి తినో, పెట్రోలు కొట్టించుకునో డబ్బు కట్టకుండా పోవడం గురించి విడిగా రాశారు.

ఇక నిన్ను ఒక్క గంటకి పంపేయడం. దీన్ని త్రీ అవర్ రూల్ అంటారు. నువ్వు మామూలుగా మూడు గంటలకి మించిన షిఫ్టులు చేసేవాడివి, రమ్మంటే వచ్చావు, ఇంకా పని చేయగలిగి ఉన్నావు, వాళ్లే పంపేశారు. అలాంటప్పుడు కనీసం మూడు గంటల జీతం ఇవ్వాలి. మంచు తుపానుకో, కరెంటు పోయో పని ఆగిపోతే మినహాయింపు ఉంది. "ఇవాళ డల్‌గా ఉంది" అన్నది తుపాను కాదు, అది వాళ్ల వ్యాపారం.

పులావ్ గురించి కూడా చెప్తా. "తిండి పెడుతున్నాంగా" అని తర్వాత లెక్క చెప్తారు, చూస్తూ ఉండు. తిండిని జీతంలో భాగంగా లెక్క కట్టాలంటే ఒక్కో భోజనానికి 2.55 డాలర్లే, వారానికి 53.55 మించకూడదు. మిగిలిపోయిన డబ్బాకి బిర్యానీ రేటు వేసే పని లేదు.

టిప్పులు పనివాళ్లవి, హౌస్‌వి కాదు. 2016 నుంచే ఈ రూలు ఉంది. పనివాళ్ల మధ్య పంచడానికి తీసుకోవచ్చు కానీ ఓనర్ జేబులో వేసుకోకూడదు. ఓనర్ తనే వడ్డించి, నీలాంటి పనే గట్టిగా చేస్తుంటే అందులో వాటా ఉండొచ్చు. క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చుని ట్యాబ్ చూసుకుంటే వాటా రాదు.

వెకేషన్ పే సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. ఏడాది నిండకుండా మానేసినా సరే, సంపాదించిన మొత్తం మీద 4 శాతం నీకు రావాలి. క్రిస్మస్, బాక్సింగ్ డే, న్యూ ఇయర్ మూడూ నువ్వు ఉద్యోగంలో ఉన్నప్పుడే వచ్చాయి కదా, ఆ పబ్లిక్ హాలిడే పే వేరే. పండగ వచ్చిన వారానికి ముందు నాలుగు వారాల జీతం కూడి 20తో భాగిస్తే సుమారుగా ఒక రోజుది వస్తుంది. పండక్కి ముందు, తర్వాత వేసిన షిఫ్టులు కారణం లేకుండా ఎగ్గొట్టి ఉండకూడదు, అంతే.

ఇప్పుడు నా కథ. 2018లో ఒక కిరాణా కొట్టులో బిల్లింగ్‌లో చేశాను. అప్పటి కనీస వేతనం 14. నాకు ఇచ్చింది 10. నా దగ్గర ఒక్క కాగితం లేదు. కానీ వంటింట్లో అమ్మ పంపిన తెలుగు క్యాలెండర్ ఉండేది. రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు గడిలో బాల్ పెన్నుతో గంటలు రాసేదాన్ని. అలవాటు, ఊళ్లో పాలవాడి లెక్క రాసినట్టు. ఏకాదశి పక్కన 7.5, సంకష్టి పక్కన 6. జీతం బాకీ కోసం కార్మిక శాఖలో క్లెయిమ్ వేసినప్పుడు ఆ పేజీల ఫోటోలు పంపాను. ఆఫీసర్ ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న, "ఈ ఎర్ర అంకెలు ఏంటి, ఓవర్‌టైమా?" అని. ఆదివారాలండీ అని చెప్పా.

కొట్టువాళ్ల దగ్గర రికార్డు లేదు. పనివాళ్ల గంటలు రాసి మూడేళ్లు దాచాల్సిన బాధ్యత యజమానిదే, నీది కాదు. వాళ్ల దగ్గర లేకపోయేసరికి నా క్యాలెండరే లెక్కయింది. ఏడు నెలలు పట్టింది, కానీ డబ్బు వచ్చింది. కాబట్టి చెప్పు, నీ దగ్గర ఏముంది?

---

మంచులో_గోదారోడు

అక్కా, చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. నా దగ్గర క్యాలెండర్ లేదు కానీ ఫోన్లో ఉంది. షిఫ్టు అడగడానికి వాట్సాప్ గ్రూప్ ఉండేది, "రేపు 5కి రా", "ఇవాళ వద్దు" లాంటి మెసేజీలన్నీ ఉన్నాయి. గ్రూప్ నుంచి తీసేశారు కానీ పాత చాట్ నా ఫోన్లో అలాగే ఉంది. బస్సు కార్డులో నొక్కిన టైములు కూడా ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాయి. 74 కోసిన రోజు కవర్ మీద ఓనర్ గారు స్వయంగా "‑74 టేబుల్" అని రాశారు. ఆ కవర్ ఎందుకో పారేయలేదు.

క్యాష్ తీసుకున్నానన్న భయం మాత్రం పోలేదు. వీసా కూడా.

---

ఎటోబికో_అక్క

ఆ కవర్‌ని పుస్తకంలో పెట్టి దాచు, ఫోటో తీసి మెయిల్ చేసుకో. వాట్సాప్ చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చెయ్, ఫోన్ పోతే అన్నీ పోతాయి.

క్యాష్‌లో జీతం ఇవ్వడం నేరం కాదు. పే స్లిప్ ఇవ్వకపోవడం తప్పు, ఆ తప్పు వాళ్లది. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే, ట్యాక్స్ ఫైల్ చేసేటప్పుడు ఆ డబ్బు చూపించు. టీ4, అంటే ఏడాది జీతం లెక్క చూపిస్తూ ఓనర్ ఇచ్చే కాగితం, ఇవ్వకపోయినా నీ లెక్క ప్రకారం చూపించొచ్చు. అప్పుడు వాళ్ల బెదిరింపు గాలి తీసిన ట్యూబే.

వీసా విషయానికొస్తే, క్లాసులు నడిచే రోజుల్లో కాలేజీ బయట వారానికి 24 గంటల దాకా చేయొచ్చు, 2024 నవంబర్ నుంచి ఇదే రూలు. నువ్వు 22 చేశావు. గండం లేదు. ఇది చదివే వేరేవాళ్లకి చెప్తున్నా, ఎవరైనా 24 దాటి ఉంటే క్లెయిమ్ వేసేముందు కమ్యూనిటీ లీగల్ క్లినిక్‌లో (న్యాయ సలహా ఇచ్చే చోటు) ఒకసారి మాట్లాడండి, ఉచితమే. టొరంటోలో పార్క్‌డేల్ క్లినిక్ ఇలాంటి కేసులు చాలా చూస్తుంది. గంటలు దాటినా చేసిన పనికి జీతం హక్కు పోదు, కానీ ఇమ్మిగ్రేషన్ వైపు ఏం చెప్పాలో తెలిసినవాళ్లని అడిగి అడుగేయాలి.

హక్కు అడిగినందుకు బెదిరించడాన్ని చట్టం రిప్రైజల్ అంటుంది. అదే ఇంకో తప్పు కింద వస్తుంది. వీసాకి దెబ్బ అన్నది నోటి మాటగా అన్నారా, మెసేజ్ పెట్టారా? మెసేజ్ అయితే అదీ దాచు.

---

రిలీజ్_నైట్

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. ఈ థ్రెడ్ చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. నేను టొరంటోలో సాఫ్ట్‌వేర్. పోయిన నెల రిలీజ్‌కి వారంలో 61 గంటలు పనిచేశాను. ఒంటారియోలో వారానికి 44 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని తెలిసి ఉత్సాహంగా హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను. ఐటీ ప్రొఫెషనల్స్‌కి ఓవర్‌టైమ్ రూలు, పని గంటల రూలు రెండూ వర్తించవని మర్యాదగా జవాబిచ్చారు. చట్టంలో చూశా, నిజమే. గ్లాసులు కడిగే తమ్ముడికి అయిదు గంటలకోసారి అరగంట భోజనం బ్రేక్ చట్టప్రకారం ఉంది, నాకు అది కూడా లేదు!

పనికొచ్చే ముక్క ఒకటి చెప్తాను. బ్యాంకులు, టెలికాం, విమానాలు, ప్రావిన్స్ సరిహద్దు దాటి తిరిగే ట్రక్కులు, ఇవి ఈఎస్ఏ కిందకి రావు. వాటికి కెనడా లేబర్ కోడ్, ఫెడరల్‌ది. మా కజిన్ ట్రక్కు డ్రైవర్, ఒంటారియో ఆఫీసు చుట్టూ తిరిగాక ఎవరో చెప్పారు. రెస్టారెంట్‌కి ఆ సమస్య లేదులే.

---

గోడౌన్_3వ_షిఫ్ట్

నాది వేర్‌హౌస్. మా దగ్గర ఇంకో ట్రిక్కు, నువ్వు కాంట్రాక్టర్‌వి, హెచ్ఎస్‌టీ (మన జీఎస్‌టీ లాంటి పన్ను) నంబర్ తెచ్చుకో, ఇన్వాయిస్ పెట్టు అంటారు. టైమ్ వాళ్లదే, స్కానర్ వాళ్లదే, సూపర్‌వైజర్ బాత్రూమ్‌కి వెళ్లినా టైమ్ చూస్తాడు. నేను కాంట్రాక్టర్‌నంట. పేరు ఏం పెట్టినా పని తీరు చూస్తారని, ఉద్యోగిని కాంట్రాక్టర్ అని చూపించడమే ఈఎస్ఏ కింద తప్పని తర్వాత తెలిసింది. ఎవరైనా హెచ్ఎస్‌టీ నంబర్ అడిగితే ఒకసారి ఆలోచించండి.

బ్రాంప్టన్‌లో నౌజవాన్ సపోర్ట్ నెట్‌వర్క్ అని పంజాబీ పిల్లలు మొదలుపెట్టిన సంఘం ఉంది. జీతం ఎగ్గొట్టిన ఓనర్ల ఇళ్ల ముందే ప్లకార్డులు పట్టుకుని నిలబడతారు. మనవాళ్లకి అంత తెగింపు ఎప్పుడొస్తుందో.

---

పాత_కాపు

అమ్మా ఎటోబికో అక్కా, మీరన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ ఫంక్షన్ సంగతి నేను ఊరికే అనలేదు, మా ఇంట్లో జరిగింది. సరే, క్లెయిమ్ వేయాలంటే లాయరు కావాలా? ఎంత ఖర్చు? ఇది నాకోసం కాదు, మా బావమరిది కొడుకు ఒకడున్నాడు.

---

ఎటోబికో_అక్క

లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. ఒంటారియో కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో ఫారం నింపడమే. డబ్బు ఇవ్వాల్సిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి, ఇది మాత్రం దాటనివ్వకండి. ఒకప్పుడు పదివేల డాలర్ల పరిమితి ఉండేది, 2015లో తీసేశారు. ఆఫీసర్ ఇద్దరి మాటా వింటారు. ఆర్డర్ నచ్చకపోతే ఎవరైనా 30 రోజుల్లో లేబర్ రిలేషన్స్ బోర్డుకి వెళ్లొచ్చు. వేసేముందు ఏదైనా అడగాలంటే 1‑800‑531‑5551కి చేయండి, నేను మూడుసార్లు చేశాను, విసుక్కోలేదు.

గోదారోడూ, నీ లెక్క నేను వేశాను, ఒకసారి సరిచూడు. ట్రైనింగ్ 30 గంటలు 17.60 చొప్పున 528. ఎనిమిది వారాలు కలిపి 176 గంటలు, గంటకి తక్కువిచ్చింది 4.60, అంటే 809.60. పంపేసిన నాలుగు రోజులకి రోజుకి రెండు గంటలు బాకీ, 140.80. టేబుల్ 74. ఇవన్నీ సరిగ్గా ఇచ్చి ఉంటే నీ మొత్తం జీతం 3,766.40 అయ్యేది, దాని మీద 4 శాతం వెకేషన్ పే 150.66. కూడితే 1,703.06. హాలిడే పే, టిప్పులు ఇందులో వేయలేదు, అవి నువ్వు విడిగా రాయి.

---

మంచులో_గోదారోడు

అప్‌డేట్. నిన్న రాత్రి క్లెయిమ్ వేశాను. ఫారం నింపడానికి రెండు గంటలు పట్టింది, సగం టైమ్ తేదీలు వెతకడానికే. అంతకుముందు ఓనర్ గారికి ఒక్క మెసేజ్ పెట్టాను, లెక్కంతా పెట్టి, మర్యాదగానే. "అన్నయ్య గారూ" అనే రాశాను. పది నిమిషాల్లో ఫోన్. "ఎవరు ఎక్కిస్తున్నారు రా నీకు?" అన్నారు. ఎవరూ లేరండీ, చదువుకున్నాను అన్నాను. చెయ్యి వణికింది, గొంతు వణకలేదు.

ఇవాళ పొద్దున్న ఈ‑ట్రాన్స్‌ఫర్ వచ్చింది, 400 డాలర్లు. ఆటో డిపాజిట్ కాబట్టి దానంతటదే పడిపోయింది. మెసేజ్ దగ్గర "ఫైనల్ సెటిల్‌మెంట్, ఇక ఏమీ లేదు" అని రాశారు. ఇప్పుడు క్లెయిమ్ చెడిపోయినట్టా అక్కా? వెనక్కి పంపనా?

---

ఎటోబికో_అక్క

వెనక్కి ఎందుకు, అది నీ డబ్బే. ఆయనొక్కడే మెసేజ్‌లో రాసుకుంటే సెటిల్‌మెంట్ అవదు. స్క్రీన్‌షాట్ తీసి, 400 ముట్టిందని ఆఫీసర్‌కి చెప్పు, దాచొద్దు. మిగతా 1,303.06 అలాగే ఉంటుంది. ఏ కాగితం పంపినా సంతకం పెట్టకు. ఇంకోటి, ఆయన ఆ 400తో నీకు బాకీ ఉందని తనే ఒప్పుకున్నట్టు కూడా అయింది కదా.

అమ్మకి ఇప్పుడు చెప్పొచ్చు.

---

మంచులో_గోదారోడు

చెప్పాను. డబ్బు సంగతి పూర్తిగా వినకుండానే, ఆ పులావ్ డబ్బా జాకెట్‌లో పెట్టుకున్నావా అని అడిగి ఏడ్చింది. అనవసరంగా ఆ ముక్క చెప్పాను.

సోమవారం నుంచి ఒక బేకరీలో. మొదటి రోజే ఈఎస్ఏ పోస్టర్ ఒకటి చేతికిచ్చి, చేరిన 30 రోజుల్లో ఇది ఇవ్వాలి, అందుకే ఇస్తున్నాం అన్నారు. మూడు గంటలు కేకుల డబ్బాలు మడతపెట్టాను. అది కూడా ట్రైనింగేనట, 17.60.